బకాయి పుట్టేది చేర్చుకున్న రోజే: సరిహద్దు జిల్లాల ప్రైవేటు ఆసుపత్రుల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఆంధ్రాకు ఆనుకుని ఉన్న ఒడిశా వైపు రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం ఊళ్ళలోని ప్రైవేటు ఆసుపత్రుల్లో, నర్సింగ్ హోముల్లో అడ్మిషన్, బిల్లింగు, బీమా కౌంటర్ల దగ్గర పనిచేసే తెలుగువాళ్ళం కొందరం కలిసి మీకు ఈ ఉత్తరం రాస్తున్నాం. మార్చి దగ్గరపడగానే మీరు డ్యూ బిల్లుల జాబితా అడుగుతారు. జాబితా చేతికి రాగానే ఫోన్లు మొదలవుతాయి. ఫోనెత్తని ఇళ్ళకు మనుషులు వెళ్తారు. ఆఖరున లాయరు నోటీసు పోతుంది. ఇంత చేసినా వచ్చే డబ్బు కొంచెమే, ఊళ్ళలో ఆసుపత్రికి వచ్చే చెడ్డపేరు మాత్రం చాలా. బకాయి డిశ్చార్జ్ రోజున పుట్టదు. రోగిని చేర్చుకున్న రోజున రాసుకోవాల్సింది రాసుకోకపోవడం వల్ల, చెప్పాల్సింది చెప్పకపోవడం వల్ల పుడుతుంది. వసూలు పని అక్కడ మొదలుపెట్టనిస్తే మిగతాదంతా తేలికవుతుంది. ఆ పని ఎలా చెయ్యాలో మాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాం.

ముందుగా, బకాయి ఉన్నవాళ్ళందర్నీ ఒకే గాటన కట్టకండి. బీమా కంపెనీ కోత పెట్టడం వల్లో, కార్డు చెల్లకపోవడం వల్లో ఉన్నట్టుండి అప్పులో పడ్డవాళ్ళు కొందరు. ఈ నెల లేకపోయినా పంట అమ్మితే ఇవ్వగలిగినవాళ్ళు కొందరు. ఎప్పటికీ ఇవ్వలేనివాళ్ళు కొందరు. ఉండీ ఎగ్గొట్టేవాళ్ళు కొందరు. ఇప్పుడు నడుస్తున్న పద్ధతి అందర్నీ ఈ ఆఖరి రకంగానే చూస్తోంది. మా కౌంటర్ల దగ్గర అందరికంటే తక్కువగా కనిపించేది ఆ రకమే. ఒక్కో రకానికి దారి వేరు. ఎవరు ఏ రకమో డిశ్చార్జ్ నాటికి కేస్ షీట్ పక్కన రాసి ఉంటే, ఆ తర్వాత ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఎవరిని వదిలెయ్యాలో తేల్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

ఇక అడ్మిషన్ ఫారం. ఇప్పుడున్న ఫారంలో రోగి పేరు, వయసు, ఊరు, ఒక ఫోన్ నంబరు, అంతే. గుణుపురం, గుమ్మ వైపు పల్లెల్లో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్ళు ఒక్క పంచాయతీలోనే పదిమంది దొరుకుతారు. అందుకని తండ్రి లేక భర్త పేరు, గ్రామం, వీధి, పంచాయతీ, బ్లాకు, పోస్టాఫీసు, పిన్ కోడ్ విడివిడిగా రాయాలి. ఊరు ఆంధ్రా వైపుదైతే మండలం, జిల్లా తప్పనిసరి. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాక కూడా చాలా ఆధార్ కార్డుల మీద పాత జిల్లాలే ఉన్నాయి. ఫోన్ నంబర్లు రెండు కావాలి, అందులో ఒకటి ఆసుపత్రికి రాని మనిషిది. చాలా ఇళ్ళలో డబ్బు పంపేది బయట పనిచేసే కొడుకో అల్లుడో. గంజాం వైపు ఇళ్ళలోనైతే ఆ మనిషి సూరత్ మగ్గాల దగ్గరో, చెన్నైలోనో, హైదరాబాదులోనో ఉంటాడు. అటెండెంట్ చేతిలోని ఫోన్ పక్కింటివాళ్ళది కావచ్చు, రీచార్జ్ లేక నెలకల్లా మూగబోవచ్చు. ఇచ్చిన నంబరుకి అక్కడికక్కడే ఒకసారి రింగ్ ఇచ్చి చూడమని మీరు చెబితే చాలు, తప్పుడు నంబర్లు ఆ పూటే బయటపడతాయి.

బిల్లు ఎవరు కడతారు అన్న గడి వేరుగా ఉండాలి. రోగిని తీసుకొచ్చినవాళ్ళందరి దగ్గరా సంతకం పెట్టించుకోవడం మన దగ్గర అలవాటైపోయింది. రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవాణ్ణి ఆటోలో వేసుకొచ్చిన డ్రైవరు చేత కూడా పెట్టిస్తున్నారు. ప్రమాద బాధితుణ్ణి తెచ్చి దింపినవాళ్ళను డబ్బు అడగకూడదు, ఆపకూడదు. మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ వాళ్ళకు రక్షణ ఇస్తోంది. ఆ సంతకం పట్టుకుని పైసా వసూలు కాదు. పైగా ఆ డ్రైవరు మళ్ళీ ఏ క్షతగాత్రుణ్ణీ మన గేటు దాకా తీసుకురాడు.

ఎస్టిమేట్ నోటిమాటగా చెప్పడం మానాలి. డాక్టరుగారు ఓపీలో "ఓ నలభై వేలవుతుంది" అంటారు. ఆ మాటలో మందులు ఉన్నాయో లేవో ఎవరికీ తెలియదు. డిశ్చార్జ్ నాడు అరవై ఐదు వేల బిల్లు చూసి, "నలభై అన్నారు కదా" అని ఇంటివాళ్ళు అక్కడే కూర్చుంటారు. ఒక్క కాగితం మీద బెడ్ ఛార్జీ రోజుకి ఎంత, ఎన్ని రోజులు, డాక్టరు, మత్తు డాక్టరు, థియేటరు, ఐసీయూ రోజుకి ఎంత, పరీక్షలు, మందులు సుమారుగా ఎంత, ప్లేటో స్క్రూలో వేస్తే వాటి ధర, ఇందులో కలవనివి ఏవి అన్నది రాయాలి. కనిష్ఠం, గరిష్ఠం రెండూ రాయాలి. గరిష్ఠం దాటబోతుంటే దాటకముందే చెప్పి సంతకం తీసుకోవాలి. వార్డు రోగులకు రెండు రోజులకోసారి, ఐసీయూ రోగులకు రోజూ అప్పటిదాకా అయిన బిల్లు చేతికివ్వాలి. ఐసీయూ కాని గదికి రోజుకి 5,000 రూపాయలు దాటితే అద్దె మీద 5 శాతం జీఎస్టీ 2022 జూలై 18 నుంచి ఉంది. అది కూడా ముందే చెప్పాల్సిన మాటే. ఈ కాగితాలు ఒడియాలో, తెలుగులో ఉండాలి. సవర, కుయి మాట్లాడేవాళ్ళకు ఆ భాష తెలిసిన నర్సు చేతో ఆశా కార్యకర్త చేతో చదివి వినిపించాలి. చదివి వినిపించని ఇంగ్లీషు ఫారం కింద వేసిన వేలిముద్రకు కోర్టులోనూ పెద్ద బలం ఉండదు.

కార్డుల దగ్గర జరిగే నష్టం గురించి కాస్త ఎక్కువగా రాయాలి, ఎందుకంటే సరిహద్దులో బకాయిలకు పెద్ద కారణం ఇదే. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకు అదనంగా మరో 5 లక్షలు. అంతకుముందున్న రాష్ట్ర పథకం బీఎస్‌కేవై (బిజూ స్వాస్థ్య కల్యాణ్ యోజన) కార్డు పట్టుకొచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళను కార్డు చెల్లదని తిప్పి పంపకుండా, ఆధార్, రేషన్ కార్డులతో కొత్త పథకంలో పేరుందో లేదో పోర్టల్‌లో చూసి, ఉంటే కార్డు అక్కడే తీయించాలి. 70 ఏళ్ళు నిండినవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది. జీతం 21,000 రూపాయల లోపు ఉండి ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పని చేసేవాళ్ళలో చాలామందికి ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) ఉంటుంది, ఉన్న సంగతి వాళ్ళకే తెలియదు. ఈ మూడూ అడగకుండా క్యాష్ పేషెంటుగా రాసేసుకుని, తర్వాత బకాయి అని బాధపడితే తప్పు వాళ్ళది కాదు.

ఆంధ్రా నుంచి వచ్చేవాళ్ళ సంగతి వేరు. పాలకొండ, భామిని, కురుపాం వైపు నుంచి బియ్యం కార్డు పట్టుకొచ్చి, ఆరోగ్యశ్రీ ఎక్కడైనా నడుస్తుందని నమ్మి చేరతారు. అది ఆంధ్ర రాష్ట్ర పథకం, ఇప్పుడు పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. ఆ ప్రభుత్వం తన జాబితాలో చేర్చుకున్న ఆసుపత్రుల్లోనే చెల్లుతుంది. ఆ కుటుంబానికి కేంద్ర పథకం కింద ఆయుష్మాన్ అర్హత కూడా ఉంటేనే పోర్టబిలిటీ (ఒక రాష్ట్రం కార్డు ఇంకో రాష్ట్రంలో చెల్లడం) కింద ఒడిశాలో వైద్యం అందుతుంది, అదీ మన ఆసుపత్రి ఆ పథకం జాబితాలో చేరి ఉంటే, ఆ స్పెషాలిటీ మనకు ఉంటే. కొన్ని ప్యాకేజీలు (ఒక్కో చికిత్సకు పథకం కట్టిన మొత్తం ధర) ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించి ఉంటాయి. ఇవన్నీ చేర్చుకునేముందు చూడాలి. ప్రాణాపాయమైతే ముందు వైద్యం, ఆ వెనకే ఈ విచారణ. ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పక తప్పదు. "కార్డు నడుస్తుంది, నేను చూసుకుంటా" అని చెప్పి రోగిని తెచ్చేది చాలాసార్లు కమీషన్ మనిషి. తన వాటా తీసుకుని పోతాడు, కార్డు చెల్లదు, బకాయి మిగులుతుంది. రోగిని పంపినందుకు డాక్టరు కమీషన్ ఇవ్వడం, తీసుకోవడం వైద్య మండలి 2002 నియమావళిలోనే నిషిద్ధం. ఆ కమీషన్లు ఆపిన నెల నుంచే ఈ తరహా బకాయిలు తగ్గుతాయి.

పథకం కింద చేర్చుకున్నాక రోగి దగ్గర మందులకని, పరీక్షలకని డబ్బు తీసుకోకూడదు. డిశ్చార్జ్ తర్వాత 15 రోజుల మందులు కూడా ప్యాకేజీలోనివే. మన వైపు నుంచి ఫొటోనో, ఆపరేషన్ నోటో, డిశ్చార్జ్ నాటి బయోమెట్రికో అప్‌లోడ్ చెయ్యడం మరిచిపోతే క్లెయిమ్ తిప్పికొడతారు. ఆ సొమ్మును రోగి బకాయిగా పుస్తకంలో రాయడం అన్యాయం. అది మన నష్టం. రాష్ట్రంలోపలి క్లెయిముకు 15 రోజులు, పోర్టబిలిటీ క్లెయిముకు 30 రోజుల గడువు పెట్టుకున్నారు. ఆ గడువు దాటినవి వారం వారం చూసి, వచ్చిన ప్రశ్నలకు జవాబివ్వడానికి ఒక మనిషిని కేటాయించండి. ఇంటింటికీ తిరిగే వసూలు కంటే ఈ ఒక్క పనికే ఎక్కువ డబ్బు వస్తుంది.

ప్రైవేటు బీమా ఉన్న రోగి లెక్క ఒకటి దగ్గరగా చూపిస్తాం. పాలసీ 2 లక్షలు, గది అద్దె పరిమితి అందులో 1 శాతం, అంటే రోజుకి 2,000. రోగి 4,000 గదిలో నాలుగు రోజులున్నాడు. గది 16,000. సర్జను, మత్తు, థియేటరు, నర్సింగ్ కలిపి 36,000. మందులు 18,000. పరీక్షలు 8,000. గ్లౌజులు, మాస్కుల్లాంటి, బీమా ఇవ్వని సామాను 4,000. మొత్తం 82,000. గది పరిమితికి రెట్టింపైంది కాబట్టి గదితోపాటు 36,000 లో కూడా సగమే ఇస్తారు. మందులకు, పరీక్షలకు ఆ కోత ఉండదు. కంపెనీ నుంచి వచ్చేది 8,000, 18,000, 18,000, 8,000 కలిపి 52,000. మిగతా 30,000 రోగి మీద పడుతుంది. బీమా ఉందన్న ధీమాతో వచ్చిన మనిషి జేబులో అది ఉండదు. అదే రోగిని మొదటి రోజే 2,000 గదిలో పెట్టి ఉంటే, లెక్క సులువు కోసం ఇతర ఛార్జీలు అంతేననుకుంటే, బిల్లు 74,000 అయ్యేది. కంపెనీ 70,000 ఇచ్చేది, రోగి కట్టాల్సింది 4,000. మనకు 8,000 తగ్గింది, రోగి మీద పడేది 30,000 నుంచి 4,000కి దిగింది. పాలసీలో గది పరిమితి, కో-పే (రోగి భరించాల్సిన వాటా), వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకు బీమా వర్తించని మొదటి కాలం) ఎంతో ప్రీ-ఆథ్ (బీమా కంపెనీ ముందస్తు అనుమతి) కోసం పంపేటప్పుడే కౌంటరులో చూసి రోగికి చెప్పే అధికారం మాకివ్వండి. ఖరీదు గది నింపమని ఒత్తిడి పెట్టకండి. 2024 మే నాటి ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) ఉత్తర్వు ప్రకారం క్యాష్‌లెస్ కోరితే గంటలో, డిశ్చార్జ్ బిల్లు పంపితే మూడు గంటల్లో కంపెనీ జవాబివ్వాలి. ఆలస్యం వల్ల పడే అదనపు గది అద్దె కంపెనీయే భరించాలి. బిల్లు పంపిన సమయం రాసి పెట్టుకోకపోతే ఆ మాట అడిగే ఆధారం ఉండదు.

రోడ్డు ప్రమాద కేసుల్లో 2025 మే నుంచి అమల్లో ఉన్న నగదు రహిత చికిత్స పథకం కింద, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా, ఒక్కొక్కరికి 1.5 లక్షల వరకు వస్తుంది. గుర్తింపు పొందిన ఆసుపత్రి అయి ఉండాలి, పోలీసు సమాచారం చేరాలి. ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన కేసు) కబురు ఆలస్యంగా పంపితే ఈ డబ్బు పోతుంది.

చేతికొచ్చిన బిల్లులో తప్పుంటే ఎవరూ మనస్ఫూర్తిగా కట్టరు. ఐసీయూ నుంచి వార్డుకు మార్చిన రోజున రెండు బెడ్ ఛార్జీలూ పడటం, ఒకే రక్తపరీక్ష రెండుసార్లు ఎక్కడం, ఆక్సిజన్ తీసేసిన తర్వాత కూడా గంటలు నడవడం, రాని డాక్టరు విజిట్ రాయడం, వాడని మందులు ఫార్మసీకి తిరిగిచ్చినా ఆ మొత్తం తగ్గించకపోవడం: ఈ ఐదూ మళ్ళీ మళ్ళీ వచ్చే తప్పులు. డిశ్చార్జికి ముందు రోజు సాయంత్రమే నర్సింగ్ చార్టు, ల్యాబ్ రిజిస్టరు, ఫార్మసీ రిటర్నులు పక్కన పెట్టుకుని బిల్లు సరిచూడాలి. బకాయి పడ్డ బిల్లుకైతే మొదటి ఫోన్ చేసేలోపు ఇంకోసారి సరిచూడాలి. లేకపోతే ఆ తప్పు లోక్ అదాలత్‌లో అవతలివాళ్ళ నోటి నుంచి వినాల్సి వస్తుంది.

డబ్బు కట్టలేదని మనిషిని ఆపడం గురించి మెత్తగా చెప్పలేం. కొన్నిచోట్ల ఇంకా జరుగుతోంది. కోలుకున్న రోగిని బెడ్ మీదే ఉంచడం, బాలింతను బిడ్డతో సహా ఆపడం, శవాన్ని ఇవ్వకపోవడం. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో డిశ్చార్జ్ పొందే హక్కు, శవాన్ని తీసుకునే హక్కు స్పష్టంగా ఉన్నాయి. ఢిల్లీ హైకోర్టు 2017లో ఇదే మాట చెప్పింది. బిల్లు కోసం మనిషిని గదిలో పెట్టి కదలనివ్వకపోవడం భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద నేరం, ఆ కేసు పడేది గేటు దగ్గర నిలబెట్టిన సెక్యూరిటీ మీద, కౌంటరులో కూర్చున్న మా మీద. డిశ్చార్జ్ సమ్మరీ, రిపోర్టులు దాచిపెట్టడం కూడా ఇదే కోవలోది. అడిగిన 72 గంటల్లోపు రికార్డులు ఇవ్వాలని 2002 నియమావళి చెబుతోంది. విశాఖకో బరంపురం మెడికల్ కాలేజీకో రెఫర్ అయిన రోగి కాగితాల్లేకుండా వెళ్తే, అక్కడ పరీక్షలన్నీ మొదటి నుంచి చేస్తారు, ఆ గంటల్లో మనిషి పోవచ్చు. బకాయి కాగితం మీద రాసుకోండి, రోగిని పంపించండి.

ఆ కాగితం ఎలా ఉండాలంటే, ఒక్క పేజీ, ఒడియాలోనూ తెలుగులోనూ. మొత్తం బిల్లు ఎంత, కట్టింది ఎంత, మిగిలింది ఎంత, ఏ తేదీన ఎంత, ఏ ఖాతాకు లేక కౌంటరుకు, ఎవరు కడతారు. బయటి సాక్షి ఒకరు, ఆసుపత్రి మనిషి కానివారు. వేలిముద్రైతే చదివి వినిపించినవారి పేరు, సంతకం. ఒక ప్రతి వాళ్ళ చేతికి. ఖాళీ ప్రామిసరీ నోటు మీద, ఖాళీ స్టాంపు కాగితం మీద వేలిముద్ర తీసుకోవడం ఆపండి. ఆధార్, రేషన్ కార్డు, పాసు పుస్తకం, ఏటీఎం కార్డు తాకట్టుగా ఉంచుకోవడం ఆపండి. రేషన్ కార్డు మన బీరువాలో ఉంటే ఆ ఇంటికి బియ్యం ఆగుతాయి. అప్పు తీర్చడం ఇంకా కష్టమవుతుంది.

వాయిదాలు నెలకింత అని పెట్టడం జీతగాళ్ళకు సరిపోతుంది. ఇక్కడి రైతుకు నెలనెలా డబ్బు రాదు. గుణుపురం, మునిగుడ, బిసమ్‌కటక్ వైపు పత్తి డబ్బు శీతాకాలంలో వస్తుంది. వరి మండీలో వేశాక ఖాతాలో పడుతుంది. గజపతి కొండల్లో జీడిపిక్కలు ఏప్రిల్, మే నెలల్లో అమ్ముతారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా చాలా ఇళ్ళలో తిండి గింజలకే వెతుకులాట, ఆ నెలల్లో వాయిదా పెడితే మొదటిదే తప్పుతుంది, ఒకటి తప్పితే సిగ్గుతో ఫోనెత్తడం మానేస్తారు. "డబ్బు మీకు ఎప్పుడు వస్తుంది" అని అడిగి ఆ తేదీకి పది రోజుల తర్వాత వాయిదా పెట్టండి. 18,000 బకాయిని నెలకి 1,500 చొప్పున పన్నెండుసార్లు అడిగేకంటే, వరికి 8,000, జీడికి 6,000, మళ్ళీ వరికి 4,000 అని రాసుకున్నది నిలబడుతుంది. వృద్ధాప్య పింఛను మీద కన్నెయ్యకండి. నగదు తీసుకునేటప్పుడు ఒక్క అడ్మిషనుకు సంబంధించి మొత్తం 2 లక్షలకు చేరకూడదు. విడతలుగా తీసుకున్నా ఒకే లెక్క, తీసుకున్నంత మొత్తం జరిమానా పడుతుంది. ఆపైన బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో తీసుకోవాలి.

ఫోన్ చేసేది ఆ కుటుంబంతో కౌంటరులో మాట్లాడిన మనిషే అయితే మంచిది. వాయిదాకు మూడు రోజుల ముందు ఒకసారి, దాటిన వారానికి ఒకసారి. పగటి పూటే. మొదట "ఎలా ఉన్నారు" అని రోగి గురించి అడగాలి, అది మర్యాద మాత్రమే కాదు, కుట్లు చీము పట్టి మళ్ళీ పనికి వెళ్ళలేని మనిషి ఎందుకు కట్టలేదో ఆ మాటలోనే తెలుస్తుంది. సర్పంచికో, వార్డు మెంబరుకో, పక్కింటివాళ్ళకో ఫోన్ చేసి జబ్బు పేరు, బకాయి చెప్పడం రోగి గోప్యతను బయటపెట్టడమే. బయటి రికవరీ మనుషులకు జాబితా అప్పగిస్తే జరిగేది ఇదే. వాళ్ళు చేసినదానికి జవాబు చెప్పాల్సింది మీరే.

రోగి చనిపోయిన ఇంటికి పెద్దకర్మ అయ్యేదాకా ఫోన్ చెయ్యకూడదు. చట్టం ప్రకారం కూడా, హామీ సంతకం పెట్టని భార్యాబిడ్డలు చనిపోయినవారి ఆస్తి చేతికొచ్చినంత మేరకే బాధ్యులు. ఆస్తి లేని చోట ఆ బిల్లు మూసెయ్యండి.

ఇక చట్టం దారి. డబ్బు దావాకు గడువు మూడేళ్ళు. ఆ లోపు బకాయిదారు రాతపూర్వకంగా బాకీ ఒప్పుకుంటే, లేక కొంత కట్టి ఆ మేరకు తన చేత్తో రాసో సంతకం పెట్టో ఇస్తే, అక్కడి నుంచి మళ్ళీ మూడేళ్ళు. అందుకే వాయిదా కట్టిన ప్రతిసారీ రశీదు మన ప్రతి మీద వాళ్ళ సంతకం ఉండాలి. మనం మాత్రమే సంతకం చేసిన రశీదు గడువును పొడిగించదు. ఒప్పందంలో వడ్డీ లేకపోతే, వడ్డీ అడుగుతామని రాసిన నోటీసు తేదీ నుంచే కోర్టు దానిని పరిశీలిస్తుంది. నోటీసులో బిల్లు నంబరు, తేదీ, కట్టిన మొత్తాలు ఉండాలి, చదవగలిగిన భాషలో ఉండాలి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసింది కాబట్టి స్పీడ్ పోస్టులోనే, అందినట్టు రుజువుతో పంపి ఆ కాగితం ఫైల్లో పెట్టాలి.

చెక్కు తీసుకుంటే తేదీ, మొత్తం రాసినదే తీసుకోవాలి. మూడు నెలల్లోపు బ్యాంకులో వెయ్యాలి. తిరిగొచ్చినట్టు తెలిసిన 30 రోజుల్లో నోటీసు, అది అందిన 15 రోజుల్లో కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు. ఇందులో ఒక్క తేదీ తప్పినా చెల్లని చెక్కు మీద వేసే 138వ సెక్షన్ కేసు చిక్కుల్లో పడుతుంది. ఇది ఉండీ ఇవ్వనివాళ్ళ కోసమే. కూలి మనిషి మీద చెక్కు కేసు వెయ్యడం డబ్బు తేదు, అతని కూలి రోజులు తింటుంది.

వీటన్నిటికంటే ముందు వెళ్ళాల్సిన చోటు లోక్ అదాలత్. రాయగడలో, పర్లాకిమిడిలో జిల్లా న్యాయ సేవల అథారిటీ ఉంది. దావా వెయ్యకముందే ప్రీ-లిటిగేషన్ కింద దరఖాస్తు పెట్టవచ్చు, కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుంటే వచ్చే అవార్డు (రాజీ తీర్పు) కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. ఒప్పుకోకపోతే దావా దారి తెరిచే ఉంటుంది. శాశ్వత లోక్ అదాలత్ పరిధిలో ఆసుపత్రి సేవలు పేరుపెట్టి ఉన్నాయి, కోటి రూపాయల దాకా. అక్కడ రాజీ కుదరకపోతే వాళ్ళే తీర్పు చెప్పగలరు. వెళ్ళేటప్పుడు ఎస్టిమేట్, మధ్యంతర బిల్లులు, వాయిదా కాగితం, రశీదులు, నోటీసు పట్టుకెళ్ళాలి. ఎంత తగ్గించగలమో తేల్చుకోగల అధికారం ఉన్న మనిషిని పంపాలి. ఫోన్ చేసి అడగాలి అనే గుమాస్తాను పంపితే బెంచి ముందు పని జరగదు.

డిక్రీ వచ్చినంత మాత్రాన డబ్బు రాదు. రైతు ఇల్లు, ఎడ్లు, పనిముట్లు, జీతంలో ఎక్కువ భాగం జప్తు నుంచి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కాపాడుతోంది. స్తోమత లేని మనిషిని బాకీ కోసం జైల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. అవతలివాళ్ళు ఆంధ్రాలో ఉంటే డిక్రీ అక్కడి కోర్టుకు బదిలీ చేయించాలి. దానికి మళ్ళీ ఖర్చు. భూమి మాట ఇంకా స్పష్టం. రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి, నవరంగపూర్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతం, గజపతిలో కొంత భాగం. ఒడిశాలో గిరిజనుల భూమిని కాపాడే 1956 నాటి 2వ రెగ్యులేషన్ కింద గిరిజనుల భూమి గిరిజనేతరులకు చేరే ఏ బదిలీ చెల్లదు. ఆసుపత్రి బిల్లు కోసం రాయించుకున్న పట్టా, తాకట్టు, అనుభవం కాగితం ఏదైనా చిత్తు కాగితమే. అలాంటివి బీరువాల్లో ఉంటే ఈ వారమే తిరిగిచ్చెయ్యండి.

మాఫీకి కూడా రాతలో పద్ధతి ఉండాలి. మా సూచన ఇది. 5,000 లోపు బకాయికి రెండు ఫోన్లు, ఒక ఉత్తరం, తర్వాత మూసెయ్యడం. 5,000 నుంచి 50,000 దాకా వాయిదా కాగితం, తప్పితే లోక్ అదాలత్. ఆపైన, స్తోమత ఉందని తెలిస్తేనే దావా. ఎప్పటికీ కట్టలేని కుటుంబాల కోసం ఏటా కొంత సొమ్ము ముందే పక్కన పెట్టండి. ఎవరు ఎంత దాకా తగ్గించవచ్చో రాసి గోడకు పెట్టండి. ఇప్పుడు గట్టిగా అరిచినవాళ్ళకు, తెలిసినవాళ్ళున్నవాళ్ళకు తగ్గుతోంది. కొండ దిగి వచ్చి నోరు మెదపని ముసలామె పూర్తిగా కడుతోంది. రోజూ చూస్తూ భరించలేనిది మాకు అదే.

వసూలు కాని బిల్లును కౌంటరు సిబ్బంది జీతంలో కోసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. మా నిర్లక్ష్యం వల్ల నేరుగా పోయిన సొమ్ముకు తప్ప ఇలాంటి కోత పెట్టడానికి వేతన చట్టం ఒప్పుకోదు. ఆ భయమే రోగిని గేటు దగ్గర ఆపేలా చేస్తోంది.

ఇప్పుడున్న పాత జాబితాతో మొదలుపెట్టమని అడుగుతున్నాం. బిల్లు తేదీల వారీగా సర్ది, మూడేళ్ళు దాటి రాతపూర్వక ఒప్పుకోలు లేనివి పక్కకు తీసి మూసెయ్యండి. బీమా, పథకం కోతల వల్ల మిగిలినవి మాకివ్వండి, గడువు ఉన్న క్లెయిములు తిరిగి తెరిపిస్తాం. మూడేళ్ళకు ఆరు నెలలు మాత్రమే మిగిలినవాటిలో స్తోమత ఉన్నవాళ్ళకు ముందు నోటీసు పంపండి. మిగతావాళ్ళను పంట చేతికొచ్చే నెలలో పిలిచి కొత్త వాయిదా కాగితం రాద్దాం. అడ్మిషన్ ఫారం, ఎస్టిమేట్, వాయిదా కాగితం మూడూ ఒడియా, తెలుగు ప్రతులు తయారుచేసి ఉంచాం. మీరు పిలిచిన రోజు తెచ్చి, ఒక్కో గడి ఎందుకు పెట్టామో కూర్చుని వివరిస్తాం.

ఇట్లు,
రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం ఆసుపత్రుల అడ్మిషన్, బిల్లింగు, బీమా కౌంటర్ల సిబ్బంది